మాను దొర్లే దారిలో మనిషి ఉండకూడదు

కోత మిల్లులో అడుగుపెట్టిన ఎవరి చూపైనా ముందు రంపం వైపే పోతుంది. సర్రున తిరిగే బ్లేడు, ఎగిరే పొట్టు, చెవులు దిబ్బళ్ళు పడే మోత. కొత్తగా పనిలో చేరిన కుర్రాడికి మేస్త్రి చెప్పే మొదటి మాట కూడా "బ్లేడు దగ్గర చెయ్యి జాగ్రత్తరా" అనే. ఆ జాగ్రత్త అవసరమే. కానీ అదే ఆవరణలో ప్రాణం తీయగల వస్తువు ఇంకొకటి ఉంది. దాని గురించి హెచ్చరించేవాళ్ళు తక్కువ. అది గేటు పక్కన కుప్పగా పడి ఉన్న మాను. లారీ మీద నుంచి దించేటప్పుడు, కుప్పలోంచి లాగేటప్పుడు, వాలు దూలాల మీదుగా ట్రాలీకి ఎక్కించేటప్పుడు, ఒక పక్క కోశాక తిరగేసేటప్పుడు అది జారుతుంది. జారే దారిలో మనిషి ఉంటే కాలు నలుగుతుంది, నడుము విరుగుతుంది, ఒక్కోసారి మనిషే దక్కడు.

ఇప్పుడే ఈ మాట చెప్పాల్సి రావడానికి కారణం వానలు. నానిన మానుకు పట్ట కింద జిగురు ఊరుతుంది, గునపం మొన ఆనిస్తే పట్టతో సహా జారిపోతుంది. వేసవిలో గట్టిగా ఉన్న నేల మెత్తబడి కుప్ప ఒక పక్కకు కుంగుతుంది. నాలుగు నెలల క్రితం అడ్డంగా పెట్టిన రాయి బురదలోకి దిగబడుతుంది. ఇక తుపాను వచ్చిందంటే మిల్లులకు పని ఒక్కసారిగా మీద పడుతుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖలో, 2018 అక్టోబరులో తిత్లీ శ్రీకాకుళం ఉద్దానంలో ఎన్ని చెట్లను కూల్చాయో చూసినవాళ్ళు మరిచిపోరు. అలాంటి రోజుల్లో ఎన్నడూ మాను ముట్టని చేతులు కూడా మోకులు పట్టుకుంటాయి.

ముందు బరువు సంగతి తేల్చుకోవాలి, ఎందుకంటే ఎక్కువ ప్రమాదాలకు మూలం అక్కడే ఉంది. మాను ఎంత తూగుతుందో దాన్ని దొర్లించే వాళ్ళకు తెలియదు. తెలుసు అనుకున్న వాళ్ళు కూడా తక్కువగానే అంచనా వేస్తారు. అడితిలో కలప కొలిచే లెక్క పాతదే. మాను నడుమ చుట్టుకొలత తీసుకుని, అందులో నాలుగో వంతును అంతతోనే హెచ్చించి, పొడవుతో మళ్ళీ హెచ్చిస్తే సీఎఫ్‌టీ, అంటే ఘనపుటడుగుల లెక్క, వస్తుంది. ఆరడుగుల చుట్టుకొలత, పదడుగుల పొడవు ఉన్న మామిడి మాను తీసుకోండి. ఒకటిన్నరను ఒకటిన్నరతో, ఆపైన పదితో హెచ్చిస్తే 22.5 సీఎఫ్‌టీ. ఇది బేరం లెక్క. కోతలో పోయే తరుగు సర్దుకునేలా ఈ లెక్కలోనే అసలు ఘనపరిమాణంలో అయిదో వంతుకు పైగా తగ్గిపోతుంది. ఆ మాను నిజంగా ఆక్రమించే చోటు సుమారు 28.6 ఘనపుటడుగులు. పచ్చి మానులో నీరు ఎండు కలప బరువుకు దాదాపు సమానంగా ఉండొచ్చు. అందుకే కొత్తగా కొట్టిన మాను ఇంచుమించు నీటితో సమానంగా తూగుతుంది. ఘనపుటడుగు నీరు 28 కిలోలు. అంటే ఆ మామిడి మాను బరువు 800 కిలోలు, రెండు దుక్కిటెద్దులంత. నల్లమద్ది, చింత, తుమ్మ అయితే ఇంకా ఎక్కువ.

గుర్తుంచుకోవడానికి ఒక్క అంకె చాలు. పచ్చి మాను అయితే అడితి లెక్కలో ఒక్కో సీఎఫ్‌టీకి 36 కిలోలు వేసుకోండి. మాను ముట్టుకోక ముందు మేస్త్రి టేపు పెట్టి, ఈ లెక్క కట్టి, బరువు ఎంతో అందరికీ వినబడేలా చెప్పాలి. ఒక మగ మనిషి ఎత్తాల్సిన బరువు 55 కిలోలు దాటకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫారసు చేసింది. ఆరుగురు కలిసి భుజం పెట్టినా ఆ లెక్కన 330 కిలోలే. 800 కిలోల మానును ఆరుగురు "పట్టేద్దాం" అనుకోవడం ధైర్యం కాదు. అది లెక్క తెలియకపోవడం.

దొర్లే వేగం కూడా మనం ఊహించినట్టు ఉండదు. నాలుగు మీటర్ల పొడవున మీటరు ఎత్తుకు లేచే వాలు దూలాల మీద పైదాకా వెళ్ళిన మాను పట్టు తప్పితే కింద చేరడానికి పట్టేది రెండు సెకన్లు. అప్పటికి దాని వేగం గంటకు 13 కిలోమీటర్లు. ఆ రెండు సెకన్లలో కింద ఉన్న మనిషి జారిందని గ్రహించాలి, చేతిలో గునపం వదిలేయాలి, బురదలో వట్టి కాళ్ళతోనో హవాయి చెప్పులతోనో పక్కకు దూకాలి. వెనకే కుప్ప ఉంటే, గోడ ఉంటే, ట్రాక్టరు ట్రక్కు ఉంటే ఎక్కడికి దూకుతాడు?

కాబట్టి మొదటి కట్టుబాటు ఇది, మిగతావన్నీ దీని తర్వాతే. మానుకు పల్లం వైపు ఎవరూ నిలబడకూడదు. ఒక్క నిమిషానికైనా, అడ్డు రాయి పెట్టడానికైనా, పడిపోయిన తువ్వాలు తీసుకోవడానికైనా నిలబడకూడదు. మన మిల్లుల్లో రోజూ జరుగుతున్నది దీనికి సరిగ్గా వ్యతిరేకం. వాలు దూలాల మీద మానును నలుగురు కింది నుంచి గునపాలతో తోస్తుంటారు, ఒకడు వాళ్ళ మధ్య వంగి ఆపుచెక్క జరుపుతుంటాడు. అంటే అక్కడ మానును ఆపుతున్నది ఆపుచెక్క కాదు, మనిషి శరీరం.

దీనికి మందు ఖరీదైన క్రేను కాదు, మోకు చాలు. గట్టి మోకులు రెండు తీసుకుని ఒక్కో కొసను పైన ట్రాలీ పక్కన పాతిన స్తంభానికి కట్టండి. మోకును మాను కింది నుంచి తెచ్చి, చుట్టి మళ్ళీ పైకి తీసుకెళ్ళి పైనున్న వాళ్ళ చేతికివ్వండి. మాను మోకు మడతలో పడి దొర్లుతూ ఎక్కుతుంది, లాగాల్సిన బలం సగానికి తగ్గుతుంది. ఆ 800 కిలోల మానుకు నాలుగింట ఒక వంతు వాలులో కింది నుంచి తోస్తే 200 కిలోల ఒత్తిడి పెట్టాలి, మోకుతో అయితే 100 కిలోలు. మోకు రాపిడికి ఇంకొంచెం కలుపుకున్నా నలుగురు హాయిగా లాగగలరు. అంతకన్నా ముఖ్యంగా, ఆ నలుగురూ పైనే ఉంటారు. కింద ఒక్కరూ ఉండరు. అడుగు అడుగుకూ మాను వెనక ఆపుచెక్క జరపడానికి పొడవాటి కర్రకు చెక్క బిగించి, మాను కొసకు అవతల పక్కన నిలబడి తోయండి. వాలు దూలాల పై కొసలు ట్రాలీకి గట్టిగా బిగించి ఉండాలి. పట్టాల మీద ట్రాలీ కదలకుండా చక్రాలకు రెండు వైపులా అడ్డు వేయాలి. మాను వచ్చి తగిలినప్పుడు ట్రాలీ వెనక్కి పోతే వాలు దూలాలు ఊడిపడతాయి, తర్వాత జరిగేది ఎవరి చేతిలోనూ ఉండదు.

మాను అన్నది స్తంభంలా సమానంగా ఉండదన్న సంగతి కూడా పనివాళ్ళు ఒక్కోసారి మరిచిపోతారు. మొదలు లావు, కొస సన్నం. లావు వైపు ఒక్క చుట్టుకు ఎక్కువ దూరం పోతుంది కాబట్టి చదును నేల మీద దొర్లించినా మాను నేరుగా పోదు, సన్నని కొస వైపు తిరుగుతూ పోతుంది. కొస దగ్గర ఉన్నవాడు "నా వైపు రావడం లేదులే" అనుకుంటూ ఉండగానే అది అతని మీదకు తిరుగుతుంది. అందుకే కొస దగ్గర మనిషి నాలుగడుగుల దూరం ఎక్కువే పాటించాలి. వంకర మాను అయితే మరీ మోసం. కాసేపు మొరాయించి, వంపు పైకి వచ్చిన క్షణంలో ఒక్కసారిగా బోర్లాపడుతుంది. గునపం పట్టుకున్న తీరు కూడా ఇక్కడే చూసుకోవాలి. గునపాన్ని రెండు కాళ్ళ మధ్య పెట్టుకోవడం, ఛాతీ దాని మీద ఆనించి బరువు వేయడం మానుకోండి. మాను ఎదురు తిరిగితే గునపం లేచి గడ్డానికో ఛాతీకో తగులుతుంది. శరీరానికి పక్కగా పట్టుకుంటే అది లేచినా వదిలేయొచ్చు. నిజానికి గునపం కన్నా కొక్కెం బిగించిన పొడవాటి గడ నయం. ఊళ్ళో కమ్మరి దగ్గర చేయించుకోవచ్చు. కొక్కెం మానును పట్టుకుంటుంది కాబట్టి జారే భయం తక్కువ.

కుప్ప దగ్గరా లారీ దగ్గరా చేసే తప్పులు రెండూ ఒకే జాతివి. కుప్పలో కింద ఉన్న మాను నచ్చిందని దాన్ని లాగుతారు, పైవన్నీ కూలతాయి. ఎప్పుడైనా పై మాను నుంచే తీయాలి. కింది వరసకు రెండు వైపులా నేలలో దిగ్గొట్టిన గుంజలు ఉండాలి, రాళ్ళు కాదు. లారీ విషయానికొస్తే, దారిలో కుదుపులకు మానులు సర్దుకుని ఒక పక్క గుంజల మీదకో తలుపు మీదకో బరువు వాలి ఉంటుంది. బయటి నుంచి చూస్తే అది తెలియదు. ఆ పక్కనే నిలబడి మోకు ముడి విప్పినా, తలుపు గడియ తీసినా మానులు అతని మీదే పడతాయి. ముడి లారీకి ముందో వెనకో నిలబడి విప్పాలి. గడియకు తాడు కట్టి దూరం నుంచి లాగాలి. లారీ చదును నేల మీద ఆగాలి. క్లీనరు కుర్రాడు లోడు మీదకు ఎక్కి కాలితో తన్ని దొర్లించే అలవాటును యజమాని అక్కడికక్కడే ఆపించాలి. మాను కదిలితే కాలు వెనక్కి తీసుకునే వ్యవధి ఉండదు.

సాయంత్రం పూట అడితి పక్క వీధుల పిల్లలు కుప్పల మీదకెక్కి ఆడుకుంటారు. వాళ్ళను తరమడం కఠినంగా అనిపించినా తరమండి, గేటు వేయండి. పన్నెండేళ్ళ పిల్లవాడి బరువు చాలు, ఆపు లేని మాను కదలడానికి.

మాను ట్రాలీ మీదకు చేరాక గండం గడిచినట్టే అనుకోవద్దు. ఒక పక్క చెక్క తీసేశాక దాని ఆకారం మారుతుంది, బరువు ఒక వైపుకు జరుగుతుంది. గుండ్రటి మాను మెల్లగా తిరిగేది, ఇప్పుడు అంచు దాటగానే దబ్బున పడుతుంది. కింద వేలు ఉంటే వేలు, పాదం ఉంటే పాదం. తిరగేసే ముందు రంపం ఆపాలి, పడే వైపు దిమ్మలు గట్టిగా ఉన్నాయో లేదో చూడాలి, చేతులు మాను మీదే ఉండాలి గానీ దాని కిందకు పోకూడదు. జామాయిలు కోసేవాళ్ళకు ఇంకో మాట. ఆ మానులో లోపల బిగువు ఎక్కువ. రంపం దిగుతుంటే చెక్క వంగి బ్లేడును పట్టేస్తుంది, ఒక్కోసారి మాను చివర నుంచి పగిలి విచ్చుకుంటుంది. కొక్కీలు బిగించకుండా చేత్తో పట్టుకుని కోయడానికి అది పనికిరాదు. రోడ్డు పక్క వేప, చింత మానులు వస్తే మేకుల కోసం వెతకండి. ఫ్లెక్సీలకు, బోర్డులకు కొట్టిన మేకులు ఏళ్ళ తరబడి లోపల ఉండిపోయి బ్లేడును తెంపుతాయి.

చైన్ కప్పీ ఉన్న మిల్లులు మేలు. కానీ దాని మీద రాసిన టన్ను అంకె చెరిగిపోయి, కొక్కెం నాలుక ఊడిపోయి, గొలుసు లింకు సాగి ఉంటే అది సాయం కాదు, ఉరి. మానుకు జంటగా కట్టిన తాళ్ళు నిటారుగా ఉంటే ఒక్కోదాని మీద సగం బరువే పడుతుంది. అవి బాగా పక్కకు వాలి నేలకు ముప్పై డిగ్రీల కోణంలో ఉంటే మాత్రం ఒక్కో తాడు మీద మొత్తం మాను బరువు పడుతుంది. 800 కిలోలకు ఆ తాళ్ళ జంట చాలనుకున్నవాళ్ళు దాన్ని 1,600 కిలోల పనికి పెట్టినట్టే. కాబట్టి పొడవైన తాళ్ళు వాడండి, నిటారుకు దగ్గరగా కట్టండి. ముడి వేసిన చోట తాడు బలం బాగా తగ్గుతుందని, నైలాను మోకు తెగితే కొరడాలా వెనక్కి కొడుతుందని కూడా గుర్తుంచుకోవాలి. లాగే తాడుకు నేరుగా వెనక ఎవరూ ఉండకూడదు.

మన హమాలీలకు పాత కాలం నుంచి ఒక మంచి అలవాటు ఉంది. బరువు లాగేటప్పుడు ఒకడు పాట అందుకుంటాడు, మిగతావాళ్ళు "హైలెస్సా" అంటూ ఒకేసారి బలం పెడతారు. అది ఉత్సాహం కోసం మాత్రమే కాదు. ఎవరు ఎప్పుడు లాగాలో, ఎప్పుడు ఊపిరి తీసుకోవాలో చెప్పే ఏర్పాటు అది. మోటారు మోతలో ఆ గొంతు ఇప్పుడు వినబడటం లేదు. ఒకడు ఆపమంటే ఇంకొకడు లాగుతాడు. అందుకే మాను కదిలించేంతసేపూ మోటారు ఆపేయండి. నలుగురిలో ఒక్కరి గొంతే చెల్లాలి, ఆ ఒక్కరూ మేస్త్రి. అయితే "ఆగు" అనే మాట మాత్రం ఎవరు అన్నా, నిన్న చేరిన కుర్రాడు అన్నా, అందరూ ఆగాలి.

రైతులకు కూడా ఒక విన్నపం. ట్రాక్టరు మీద మాను తెచ్చుకుని, ఇంటి వాసాలకో తలుపులకో కోయించుకోవడానికి వచ్చి, పొద్దు వాలుతుంటే "అన్నా, ఇంకొక్క మానే కదా, వేసేయండి" అని మీరు అంటారు. ట్రాక్టరు అద్దె మీద పడుతుందన్న తొందర అర్థమవుతుంది. కానీ చీకట్లో, అలసిన చేతులతో ఎక్కించే ఆ ఒక్క మానే చాలాసార్లు ప్రమాదం తెస్తుంది. రేపు పొద్దున వస్తామని చెప్పండి.

ఇంత జాగ్రత్తపడ్డా మాను మనిషి మీద పడితే, ముందుగా మాను ఇంకా దొర్లకుండా రెండు వైపులా అడ్డు వేయాలి. కంగారులో దాన్ని అతని ఒంటి మీదుగా దొర్లించడం చాలా ఘోరమైన తప్పు. ఎత్తాలి గానీ దొర్లించకూడదు. వెంటనే 108కి ఫోన్ చేసి, మాను కింద మనిషి ఇరుక్కున్నాడని స్పష్టంగా చెప్పాలి. ఎన్ని గంటలకు పడిందో గుర్తుంచుకుని వాళ్ళకు చెప్పడం మరవొద్దు. ఎక్కువసేపు నలిగిన కండరం నుంచి పొటాషియం, ఇతర పదార్థాలు ఒక్కసారిగా రక్తంలోకి వెళ్ళి గుండెను, మూత్రపిండాలను దెబ్బతీయొచ్చు. పైకి చిన్న గాయంలా కనిపించి, మాట్లాడుతూ ఉన్న మనిషి కూడా తర్వాత కూలిపోవచ్చు. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టండి. నడుముకో మెడకో దెబ్బ అనిపిస్తే చేతులు కాళ్ళు పట్టి ఆటోలోకి ఎత్తొద్దు.

ఇక ప్రభుత్వం మాట. సామిల్లు నడపాలంటే అటవీశాఖ లైసెన్సు కావాలి. ఆంధ్రప్రదేశ్ సామిల్లుల నియంత్రణ నిబంధనలు 1969 నాటివి. 1996 డిసెంబరు 12న అడవుల రక్షణపై నడిచిన గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం తర్వాత పట్టు ఇంకా బిగిసింది. మిల్లుకు వచ్చే అధికారి మాను ఎక్కడి నుంచి వచ్చిందో, పర్మిటు ఉందో లేదో చూస్తారు. అడవిని కాపాడటానికి అది కావాల్సిందే. అయితే ఆ మానును ట్రాలీ మీదకు ఎలా ఎక్కిస్తున్నారని అడగడం ఆ అధికారి పని కాదు. మనిషికి హాని కలిగించేంత బరువు ఎత్తించరాదని 1948 ఫ్యాక్టరీల చట్టం 34వ సెక్షను చెప్పేది. గొలుసులు, తాళ్ళు, కప్పీలను ఏడాదికోసారైనా నిపుణుడితో పరీక్ష చేయించాలని 29వ సెక్షను చెప్పేది. అయితే కరెంటుతో నడిచే చోట పదిమంది పనివాళ్ళుంటేనే ఆ చట్టం లెక్కలో ఫ్యాక్టరీ అయ్యేది. ఆ చట్టం స్థానంలో 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ ఆ సంఖ్యను ఇరవైకి పెంచింది. నలుగురైదుగురితో నడిచే మన ఊరి మిల్లు అప్పుడూ బయటే, ఇప్పుడూ బయటే. చిన్న మిల్లులో మాను తేలికగా ఉంటుందా? పెద్ద మిల్లులో క్రేను ఎత్తే బరువును ఇక్కడ మనిషి మోస్తున్నాడు. రక్షణ ఎక్కువ కావాల్సింది ఇక్కడే.

రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ కొత్త చట్టం కోసం ఎదురుచూడనక్కరలేదు. లైసెన్సు ఇచ్చేటప్పుడు, పునరుద్ధరించేటప్పుడు మూడు విషయాలు తనిఖీ చేయాలన్న షరతు పెడితే చాలు. మాను ఎక్కించడానికి మోకు గానీ చైన్ కప్పీ గానీ ఉందా, కుప్పలకు గుంజలు ఉన్నాయా, పనివాళ్ళకు ముందుభాగం గట్టిగా ఉండే బూట్లు ఇచ్చారా. అటవీ, కార్మిక శాఖలు కలిసి ఈ వానాకాలంలోనే ఆ పని మొదలుపెట్టాలి. కలప వ్యాపారుల సంఘాలు తమ సభ్యులకు ఈ షరతులు ముందే చెప్పి, ఒక్కో ఊళ్ళో ఒక్క పూట పని ఆపి మోకుతో మాను ఎక్కించడం చేసి చూపించాలి.

యజమానులారా, ఆ ఉత్తర్వులు వచ్చేదాకా ఆగకండి. రేపు పొద్దున మోటారు స్విచ్ వేసే ముందు మీ ఆవరణలో ఒకసారి తిరగండి. కుప్పలకు గుంజలు లేకపోతే, మోకు పాతబడి ఉంటే, ట్రాలీ చక్రాలకు అడ్డు లేకపోతే ముందు ఆ పని చేయించండి. కోత మధ్యాహ్నం మొదలుపెట్టుకోవచ్చు.